కొల్లేటి ఖరీదు

చిన్నప్పుడు ఇంట్లో ఎవరైనా మాట సాగదీస్తే మా మామ్మ "ఆపవే నీ కొల్లేటి చాంతాడు" అనేది. తెలుగువాళ్ళందరూ వాడే మాటే. మాకు మాత్రం వింతగా ఉండేది. కొల్లేరు మా ఊరికి మైలు దూరం. అక్కడ నీళ్ళు చేతికందుతాయి. బావి లేదు, చేద లేదు, మరి చాంతాడెందుకు? మామ్మని అడిగితే, "ఇవాళ ఇక్కడున్న నీళ్ళు వేసవికి ఎక్కడికి పోతాయో ఎవడికెరుక? అందుకని తాడు పొడుగుండాలి" అంది. ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు అలా ఉంచితే, కొల్లేరు గురించి నేను విన్న మొదటి పాఠం అదే. ఆ సరస్సుకి స్థిరమైన ఒడ్డు లేదు.

ఇప్పుడు అదే సంగతిని కాంటూర్లలో చెప్తారు. సముద్రమట్టానికి మూడడుగుల ఎత్తున నీళ్ళుంటే కొల్లేరు 135 చదరపు కిలోమీటర్లు. అయిదడుగులకి 308. పదడుగులకి 901. అంటే నీటిమట్టం ఒక మనిషి ఎత్తు పెరిగేసరికి సరస్సు ఆరేడింతలవుతుంది. కృష్ణా డెల్టాకీ గోదావరి డెల్టాకీ మధ్య, వెడల్పాటి కంచంలా పడి ఉన్న పల్లం అది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, లెక్కలేనన్ని కాలువలు, మురుగు కోడులు అందులో పడతాయి. బయటికి దారి ఒక్కటే, ఉప్పుటేరు. దాదాపు 60 కిలోమీటర్లు వంకర్లు తిరిగి బంగాళాఖాతంలో కలుస్తుంది.

హైదరాబాద్‌లో నా ఉద్యోగం ఉపగ్రహ చిత్రాలతో. చిత్రంలోని ప్రతి గడికీ ఒక పేరు పెట్టాలి: పొలం, అడవి, ఊరు, బీడు, నీరు. పాత చిత్రం, కొత్త చిత్రం పక్కపక్కన పెట్టి ఏది ఏదిగా మారిందో పట్టిక వేయాలి. ఆ పట్టికని ఒక్కో రకం నేలకి హెక్టారుకింత అనే ధరతో గుణిస్తే, భూమి వాడకం మారడం వల్ల ప్రకృతి మనకి చేసే సేవల్లో ఎంత విలువ పోయిందో, ఎంత వచ్చిందో తేలుతుంది. ఓ రోజు పని మధ్యలో, ఎవరూ అడక్కుండానే, మా కొల్లేటి చిత్రం తెరిచాను. తెర నిండా నీలం. పట్టిక ప్రకారం అక్కడ పెద్దగా ఏమీ మారలేదు. నీరు ఉండేది, నీరే ఉంది.

ఈ వ్యాసం ఆ నీలం రంగు గురించి.

*

ప్రకృతి సేవలకి ధర కట్టే పద్ధతికి పెద్ద పేరు వచ్చింది 1997లో. రాబర్ట్ కొస్టాంజా, ఇంకో పన్నెండు మంది కలిసి 'నేచర్' పత్రికలో ఒక వ్యాసం వేశారు. భూగోళాన్ని 16 రకాల ఆవరణాలుగా విడగొట్టి, వరద ఆపడం, నీళ్ళు శుభ్రం చేయడం, పరాగసంపర్కం, తిండి ఇవ్వడం లాంటి 17 సేవలకి విలువ లెక్కేశారు. మొత్తం ఏడాదికి సగటున 33 లక్షల కోట్ల డాలర్లని తేల్చారు. వాళ్ళ లెక్కలోనే అప్పటి ప్రపంచ స్థూల ఉత్పత్తి 18 లక్షల కోట్లు. 2014లో కొస్టాంజా బృందం మళ్ళీ లెక్కేసి, 1997 నుంచి 2011 దాకా భూమి వాడకం మారినందువల్ల పోయిన విలువ ఏడాదికి 4.3 నుంచి 20.2 లక్షల కోట్ల డాలర్ల మధ్య ఉంటుందంది. 

ఈ అంకెల్ని చాలామంది ఆర్థికవేత్తలు తప్పుపట్టారు. గాలీ నీరూ లేకపోతే మనిషే లేడు, ఇక వాటి మొత్తానికి ధరేమిటని. సబబే. కానీ లెక్కేయని రోజుల్లో ఏం జరిగిందో కూడా చూడాలి. ధర రాయని చోట సున్నా అని చదువుకోవడం ప్రభుత్వాలకి అలవాటు. మన రెవెన్యూ రికార్డుల్లో పన్ను రాని నేలకి 'పోరంబోకు' అని పేరు. ఆ మాట ఇప్పుడు తిట్టుగా వాడుతున్నాం. ఊరుమ్మడి చెరువు, వాగు, మేతబీడు అన్నీ ఆ తిట్టు కిందే బతికాయి.

1997 నాటి పట్టికలో హెక్టారు చిత్తడినేల విలువ ఏడాదికి 14,785 డాలర్లు. సరస్సులు, నదులు 8,498. పంటపొలం 92. పొలంలో వచ్చే విలువలో ఎక్కువ భాగం సంతలో అమ్ముడుపోతుంది, అది మనకి కనిపిస్తుంది. చిత్తడినేల చేసే పని చాలావరకు సంతకి రాదు. ఈ తేడా గుర్తుపెట్టుకుని కొల్లేటికి వద్దాం.

*

కొల్లేరు చరిత్రకెక్కిందే యుద్ధంతో. క్రీ.శ. 634 నాటి ఐహోళె శాసనంలో, రెండో పులకేశి విజయాలు చెప్తూ రవికీర్తి 'కునాల' జలాన్ని ప్రస్తావిస్తాడు. చచ్చిన సైనికుల నెత్తురుతో ఆ నీళ్ళు రంగు మారాయంటాడు. ఆ కునాలమే కొల్లేరని చరిత్రకారులు చెప్తారు. ఈ పల్లాన్ని ఆనుకునే వేంగి ఉంది. ఏలూరు పక్కన ఇప్పటి పెదవేగి. పులకేశి తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుడి వంశం అక్కణ్ణుంచే ఏలింది.

మాకు బడిలో శాసనం గురించి చెప్పలేదు. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి పడవ మీద వెళ్ళేటప్పుడు మామ్మ వేరే కథ చెప్పేది. గజపతుల కాలంలో కొల్లేటికోట నీళ్ళ మధ్య కోట. శత్రువు ఒడ్డున చిగురుకోటలో దిగాడు. నీళ్ళుండగా కోట పట్టడం కుదరదు. అందుకని సరస్సుని సముద్రంలోకి తోడెయ్యడానికి కాలువ తవ్వించాడు, అదే ఉప్పుటేరు. కోటలోని సేనాని తన కూతుర్ని బలిచ్చాడు. అందుకే ఆ కాలువకి పేరంటాల కనమ అని పేరు.

ఇది ఐతిహ్యమే, చరిత్ర కాదు. కానీ ఆ కథ కట్టిన జనానికి ఒక విషయం బాగా తెలుసు. కొల్లేటిలో నీళ్ళుండటమే రక్షణ. దాన్ని ఎండబెట్టాలనుకునేవాడు శత్రువు. ఇప్పటి భాషలో చెప్తే, అది భూమి వాడకం మార్పు గురించిన కథ. ఆ మార్పుకి ధర ఎవరు చెల్లించారో కూడా అందులోనే ఉంది, ఆ పనితో ఏ సంబంధమూ లేని ఒక ఆడపిల్ల.

పందొమ్మిదో శతాబ్దంలో మార్పు నిదానంగా, మేలు రూపంలో వచ్చింది. 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. 1855కి విజయవాడ ఆనకట్ట. కరువు సీమ అన్నపూర్ణ అయింది. ఆ మాటలో అబద్ధం లేదు, మా తాతముత్తాతలు తిన్న అన్నం అదే. అయితే కాలువ నీళ్ళు పారిన ప్రతి చేనుకీ మురుగు పోయే దారి కావాలి. రెండు డెల్టాల మధ్య పల్లం కొల్లేరే. వానాకాలం నిండి వేసవిలో చిక్కిపోయే సరస్సుకి పొలాల మురుగు, దాంతోపాటు ఒండ్రు, తర్వాతి కాలంలో ఎరువులూ పురుగుమందులూ, ఊళ్ళ మురికీ వచ్చి చేరడం మొదలైంది. కొల్లేరు అదంతా తీసుకుంది. తూడు, తుంగ, కిక్కిస, తామర ఆ నీళ్ళని వడపోసి ఉప్పుటేట్లోకి వదిలేవి. ఈ చాకిరీకి ఏ జమాబందీలోనూ పద్దు లేదు.

సరస్సు లోపల 46 లంక గ్రామాలు, చుట్టూ 76 ఊళ్ళు అని లెక్క చెప్తారు. లోపలివాళ్ళు ఎక్కువమంది వడ్డీలు. వానాకాలం వల, మావు, దోనె. నీళ్ళు తీశాక తడి నేలలో వరి. కొర్రమీను, మట్టగిడస, ఇంగిలాయి, జెల్ల, గొరక వాళ్ళ రోజువారీ కూర. మా మామ్మ ధాన్యం కొలిచి చేపలు తీసుకునేది. అక్కినేని కుటుంబరావుగారి నవల 'కొల్లేటి జాడలు' ఆ బతుకుని లోపల్నుంచి చూపిస్తుంది. నాకు తెలిసిన ఏ ఆర్థిక పట్టికలోనూ అంత సరుకు లేదు.

*

1976లో ప్రభుత్వం మత్స్యకారుల సహకార సంఘాలు పెట్టి, సరస్సులో చేపల చెరువులు తవ్వుకునే ఏర్పాటు చేసింది. ఉద్దేశం చెడ్డదేం కాదు. గాలివానకీ వరదకీ పంట పోయి, వేసవిలో వలకి చేప పడక అల్లాడే లంకవాసులకి స్థిరమైన ఆదాయం కావాలి. గట్టు వేసి, నీళ్ళు పెట్టి, శీలావతి, బొచ్చె పిల్లలు వదిలి, తవుడూ చెక్కా వేస్తే ఏడాదికి డబ్బే డబ్బు. లాభం కనిపించాక బయటి పెట్టుబడి వచ్చింది. సంఘాల చెరువులు లీజుల మీద చేతులు మారాయి. దోనె ఉన్నవాడు గట్టు మీద కాపలావాడయ్యాడు. 2001 ఫిబ్రవరి నాటి ఉపగ్రహ చిత్రంతో చేసిన ఒక అధ్యయనం, సరస్సు వైశాల్యం 245 చదరపు కిలోమీటర్లుగా తీసుకుని, అందులో 42 శాతం చేపల చెరువులే అని చెప్పింది. వెయ్యికి పైగా చెరువులు, సుమారు 103 చదరపు కిలోమీటర్లు. ఇంకో 8.5 శాతం పొలాలు.

ఇప్పుడు నా ఉద్యోగం లెక్క వేసి చూపిస్తాను. 103 చదరపు కిలోమీటర్లంటే 10,300 హెక్టార్లు. ముందు అది చిత్తడినేల అనీ తర్వాత పొలంతో సమానమైన నేల అయిందనీ రాస్తే, 1997 ధరల్లో ఏడాదికి 15 కోట్ల డాలర్ల నష్టం. చిత్తడినేల 'సరస్సు' అయిందని రాస్తే ఆరున్నర కోట్లు. ముందూ నీరే, ఇప్పుడూ నీరే అని రాస్తే నష్టం సున్నా. నేల ఒకటే, గట్లు అవే, ధరల పట్టికా ఒకటే. నేను ఏ పేరు పెట్టానన్నదే తేడా. ఉపగ్రహానికి మాత్రం చెరువూ నీలమే, కొల్లేరూ నీలమే.

ఆ నీలంలో కనబడనిది గట్టు. సరస్సు విలువంతా దాని నీళ్ళు కదలడంలో ఉంది. వరద వస్తే పరుచుకోవాలి, తగ్గితే జారాలి, చేప ఎదురెక్కాలి, మురికి తుంగలో చిక్కాలి. గట్టు వేస్తే నీళ్ళు మిగుల్తాయి కానీ ఈ పనులన్నీ ఆగిపోతాయి.

వరద సంగతే చూడండి. అయిదో కాంటూరు నుంచి పదో కాంటూరు దాకా నీళ్ళు లేస్తే కొల్లేటిలో ఎంత పడుతుందో కాగితం మీద వేశాను. రెండు మట్టాల సగటు వైశాల్యం సుమారు 600 చదరపు కిలోమీటర్లు, ఎత్తు అయిదడుగులు. ముతకగా 32 టీఎంసీలు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ రెండూ కలిపి ఏడు టీఎంసీల లోపే. 1908 మూసీ వరద తర్వాత హైదరాబాద్ కోసం ఆ రెండూ కట్టారు, వాటికి ఇంజనీర్లు, సిమెంటు, ఖజానా డబ్బు అన్నీ అయ్యాయి. వాటికి నాలుగింతల పైగా వరదని కొల్లేరు ఊరికే మోసేది. చెరువు గట్లు ఆ చోటుని ముక్కలు చేశాయి. పల్లంలో ఆగాల్సిన నీళ్ళు ఊళ్ళ మీదకీ రోడ్ల మీదకీ వస్తాయి, ఉప్పుటేరు వైపు జారాల్సినవి గట్ల సందుల్లో ఇరుక్కుంటాయి. వేసవిలో తీపినీరు తగ్గాక అదే ఉప్పుటేట్లోంచి సముద్రపు పోటు ఎదురొస్తుంది.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయాయి. ఆ వరదకి కారణం కొల్లేరు కాదు. అసాధారణమైన వాన, తెగిన గండ్లు, ఇరుకైన ఏరు. కానీ ఆ నీళ్ళు చివరికి చేరాల్సిన చోటు కొల్లేరే. పట్నంలో టీవీలు వరద తగ్గిందని చెప్పిన రోజుల్లో మా వైపు లంకలకి దారులు మునిగాయి.

*

1999లో అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002 ఆగస్టు 19న కొల్లేరు రామ్‌సర్ జాబితాకెక్కింది. ఈసారి హద్దు పదో కాంటూరు, 901 చదరపు కిలోమీటర్లు. 2006లో సుప్రీంకోర్టు జోక్యంతో ప్రభుత్వం 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో అయిదో కాంటూరు లోపలి గట్లు కొట్టించింది.

అప్పుడు నేను ఇంటర్లో ఉన్నాను. పొక్లెయిన్లు గట్టు మీదికి ఎక్కడం చూశాను. తెగిన చెరువులోంచి నీళ్ళు పోతుంటే చేపలు పట్టుకోవడానికి జనం ఎగబడ్డారు. వాళ్ళలో ఆ చెరువుకి కాపలా కాసినవాళ్ళూ ఉన్నారు. లీజుదారులు ఇంకోచోటికి పోయారు. లంకల్లోని వాళ్ళు పోవడానికి చోటేదీ లేదు. ముప్ఫై ఏళ్ళలో వల అల్లడం మర్చిపోయినవాళ్ళని, మళ్ళీ సరస్సు మీద బతకమన్నారు. సరస్సేమో అప్పటికే గుర్రపుడెక్కతో, పూడికతో నిండి ఉంది. రెండేళ్ళకి, 2008లో, అభయారణ్యాన్ని మూడో కాంటూరుకి కుదించాలని శాసనసభ తీర్మానం చేసింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ అయిదో కాంటూరే ఉండాలంది. ఈలోగా గట్లు ఒక్కొక్కటే తిరిగి లేచాయి.

కూల్చినవాళ్ళు సరస్సు విలువ లెక్కేశారు, అందులో బతికేవాళ్ళ లెక్క వేయలేదు. మళ్ళీ కట్టినవాళ్ళు రెండోది వాదించి మొదటిది వదిలేశారు.

చేపల చెరువే పాపమని నేననను. రామ్‌సర్ జాబితాలో కొల్లేరుతోపాటు అదే రోజు చేరింది తూర్పు కలకత్తా చిత్తడినేల, 12,500 హెక్టార్లు. అక్కడ ఉన్నవీ చేపల చెరువులే, భేరీలంటారు. నగరం మురుగు వాటిలోకి వెళ్తుంది. ఎండా నాచూ కలిసి దాన్ని శుభ్రం చేస్తాయి, నాచు తిని చేపలు పెరుగుతాయి. 1980లలో ధ్రువజ్యోతి ఘోష్ అనే ఇంజనీరు నగరం మురుగు ఎక్కడికి పోతోందో వెతుక్కుంటూ వెళ్ళి, జాలర్లు తరాలుగా నడుపుతున్న ఈ ఏర్పాటే కలకత్తా మురుగుశుద్ధి కేంద్రం అని లోకానికి చెప్పాడు. ఆ చెరువు ఒక సేవ చేస్తోంది. మా చెరువు ఒక సేవని ఆపింది. ఉపగ్రహ చిత్రంలో రెండూ ఒకే నీలం. పైగా మా చేపలు ఐసు పెట్టెల్లో లారీలెక్కి వెళ్ళేది ఆ కలకత్తాకే, హౌరా మార్కెట్టుకి.

*

ఇక మా ఇంటి లెక్క. మా రెండెకరాలు అయిదో కాంటూరుకి కాస్త పైన ఉంటాయి. అందుకే 2006లో పొక్లెయిన్ మా దాకా రాలేదు. అభయారణ్యం హద్దు మా చేనుకి ముందే ఆగుతుంది, రామ్‌సర్ హద్దు మా చేనుని దాటి పోతుంది. చట్టం ప్రకారం మాది చెరువు, నీళ్ళ ప్రకారం మాది కొల్లేరు. నేను మూడో తరగతిలో ఉండగా నాన్న ఆ చేను లీజుకిచ్చాడు. వరి మీద మిగిలేదానికి మూడింతలు చేతికొచ్చేది, అదీ ముందుగా. విజయవాడ హాస్టల్, ఇంజనీరింగ్, ఈ ఉపగ్రహ చిత్రాల చదువు, అన్నిటికీ ఆ డబ్బే. కొల్లేటికి జరిగిన నష్టాన్ని లెక్కగట్టడం నేను నేర్చుకున్నది ఆ నష్టంలోంచి వచ్చిన డబ్బుతోనే.

పోయినసారి ఊరెళ్ళినప్పుడు ఆటపాక వెళ్ళాను. గూడబాతులు వందలుగా ఉన్నాయి. అటవీశాఖ పాతిన ఇనుప స్టాండ్ల మీద గూళ్ళు కట్టుకున్నాయి. చెట్లు చాలక మనిషి చేసిపెట్టిన కొమ్మలవి. పడవలో తిప్పిన కుర్రాడు పిట్టల పేర్లు గడగడా చెప్పాడు. ఇంట్లో ఏం కూరని అడిగితే, బాయిలర్ కోడి అన్నాడు.

ఈ ఉగాదికి మా లీజు గడువు తీరుతుంది. నాన్న ఫోన్ చేసి మళ్ళీ రాసిద్దామా అనడిగాడు. వద్దు నాన్నా, గట్టు తీయించి వరే వేద్దాం, వరద వస్తే నీళ్ళు మీంచి పోతాయి అన్నాను. రెండెకరాల గట్టు తీస్తే కొల్లేటికి ఒరిగేదేమీ లేదని నాకు తెలుసు. చుట్టూ చెరువుల మధ్య వరి నిలవడమూ కష్టమే. అయినా అన్నాను.

నాన్న కాసేపు మాట్లాడలేదు. "చేద్దాంలే అమ్మా. మరి ఆ తేడా ఎవరిస్తారే?" అన్నాడు.

నేను చదివిన వ్యాసాలన్నీ కలిపి అడిగే ప్రశ్న అదే. దిగువన పల్లం ఖాళీగా ఉంచినందుకు ఎగువన మునగనివాళ్ళు ఏమైనా ఇస్తారా? ఇప్పటిదాకా ఆ పల్లపువాళ్ళకి వరద వచ్చాక నష్టపరిహారం వచ్చింది, లేదా గట్లు కొట్టేశాక కొత్త హామీ వచ్చింది. వరద పట్టినందుకు కూలి మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

"రెండెకరాలకి నేను పంపుతాను నాన్నా" అన్నాను.

"పక్క చెరువు వాళ్ళు కూడా అడుగుతారు మరి" అని నవ్వాడు. తర్వాత, రెండు రోజులు ఆలోచించుకుని చెప్తానన్నాడు. ఇంకా చెప్పలేదు.